ఎడమ భుజం

గురి తప్పడం అరుణకుమారికి కొత్త కాదు. ఎందుకు తప్పుతోందో తెలియకపోవడమే ఆమెను తినేస్తోంది. పోయిన వారం మనం ఆమెను వదిలి వచ్చింది ఆదోని బయట, ఆస్పరి రోడ్డులోని మద్దయ్య షూటింగ్ రేంజ్‌లో. జీవితంలో దిగిన మొదటి స్కీట్ పోటీలో అందరికన్నా చివర నిలిచి, తన పేరు చదువుతుంటే నేల చూస్తూ నిలబడి ఉంది.

ఎమ్మిగనూరు నేతగాడు భీమయ్య కూతురామె. అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. ఆదివారాలు బస్సెక్కి ఆదోని వచ్చి, రేంజ్‌లో పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పుతుంది. దానికి బదులుగా రిటైర్డ్ సుబేదారు మద్దయ్య ఆమెకు స్కీట్ నేర్పుతున్నాడు. రాష్ట్ర పోటీలు దగ్గరికొచ్చాయి. స్కూలు కరస్పాండెంటు ఈ ఒక్క ఏడాదికే సెలవు ఇస్తానన్నాడు. వచ్చే ఏడాది ఆ మాటే ఎత్తొద్దన్నాడు.

పోటీకి వచ్చిన కార్లన్నీ దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాక మద్దయ్య షెడ్డుకు తాళం వెయ్యబోయి ఆగాడు.

“తుపాకీ తియ్యి అరుణా.”

“ఇప్పుడా సార్? పొద్దు వాలుతాండాది.”

“వాలనీ. ఏడో స్టేషనుకు పో. లో హౌస్ బిళ్ల ఒగటే ఏస్తా.”

స్కీట్ మైదానం అర్ధచంద్రంలా ఉంటుంది. ఎడమ కొసన ఎత్తుగా ఒక గది, హై హౌస్. కుడి కొసన పొట్టిగా ఇంకొకటి, లో హౌస్. వాటిలోని యంత్రాలు అరచేతి వెడల్పు మట్టి బిళ్లల్ని విసురుతాయి. కాల్చేవాళ్లు ఆ వంపు వెంట ఒక్కో స్టేషను మారుతూ, తుపాకీని నడుము దగ్గర పట్టుకుని “పుల్” అని అరవాలి. బిళ్ల వెంటనే రావచ్చు, ఊపిరి బిగబట్టించి రావచ్చు. అది కంటబడ్డాకే తుపాకీ భుజానికెక్కాలి. ఏడో స్టేషను లో హౌస్ పక్కనే. అక్కడ బిళ్ల నిలబడ్డ మనిషి ముందు నుంచి తిన్నగా దూరం వెళ్లిపోతుంది. నిన్న మొన్న నేర్చుకున్నవాళ్లు కూడా దాన్ని పగలగొడతారు.

అరుణ “పుల్” అంది. కాల్చింది. బిళ్ల చెక్కుచెదరకుండా వెళ్లి చేలో పడింది. మళ్లీ కాల్చింది. అదీ అంతే.

మామూలుగా అయితే మద్దయ్య అరిచేవాడు. ఈసారి ఆమె కుడి భుజం వెనకాలే నిలబడి మాట్లాడకుండా చూస్తున్నాడు. ఇంకో రెండు తూటాలు ఖర్చయ్యాక అన్నాడు.

“గుండ్లు ఎడమకు పోతాండాయి. ప్రతిసారీ ఎడమకే.”

“నేను సక్కంగానే పెట్టినా సార్.”

“తుపాకీ కింద పెట్టి ఇట్ల రా.”

ఆమెను పది గజాల దూరంలో తనకెదురుగా నిలబెట్టాడు. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, ఆ సందులోంచి తన ముక్కు చూడమన్నాడు. రెండు కళ్లూ తెరిచే ఉంచమన్నాడు. అరుణ చూసింది. ఆయనకు ఆ సందులో ఏం కనబడిందో గానీ, ఒక అడుగు దగ్గరికొచ్చి మళ్లీ చూశాడు. తర్వాత టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

“నీ ఎడమ కన్ను కనపడతాండాది నాకు.”

“అంటే?”

“నీది కుడిసెయ్యి వాటం. గురి పట్టే పెద్ద కన్ను మాత్రం ఎడమది. కుడి భుజాన తుపాకీ పెట్టి ఎడమ కన్నుతో గురి సూస్తాండావు. తుపాకీ ఒక దావన, సూపు ఒక దావన. ఇన్నాళ్లూ నువ్వు బిళ్ల ఎనకాల పడతాండావని, ఇంగా జోరుగా తిప్పమని అరిసినా నేను.”

“ఎన్‌సీసీలో రైఫిల్ బాగనే కాల్చినా గదా సార్?”

“ఆడ ఎడమ కన్ను మూసుకోని కాల్చినావు. అందుకే బయటపడలే. రైఫిల్ బాగా కాల్చే పిల్ల గదా అని నేనూ సూడలే. స్కీట్‌లో రెండు కండ్లూ తెరిసే ఉండాల. తెరిస్తే పెద్ద కన్నే పెత్తనం సేస్తాది.”

అరుణకు ముందు ఏడుపు వచ్చినంత పనయింది. బాధతో కాదు. ఇన్ని నెలలుగా తన చేతులు మొద్దువి, తన మనసు నిలకడ లేనిది, పోటీలంటే భయపడే రకం అని తనకు తానే చెప్పుకుంటూ వచ్చింది. అదేమీ కాదు. కన్ను. అంతే.

“ఇప్పుడేం సెయ్యాల?”

“అద్దాలకు ఎడమపక్క చిన్న టేపు ముక్క అంటిద్దాం. ఆ కన్నుకు తుపాకీ మొన కనపడకుండా సేస్తే కుడి కన్ను పని సేస్తాది. శానామంది అట్లనే కాలుస్తారు.”

అంటించి చూశారు. ఏడో స్టేషను బిళ్ల పగిలింది. వెంటనే రెండోదీ. మద్దయ్య ముఖం వెలిగింది. కానీ రెండో స్టేషనుకు వెళ్లేసరికి హై హౌస్ నుంచి, ఎడమ వైపునుంచి దూసుకొచ్చే బిళ్ల ఆమెకు ఆలస్యంగా కనబడింది. తుపాకీ లేచేలోపు అది దాటిపోయింది. ఇంకోసారి, ఇంకోసారి అదే జరిగింది. అరుణ అద్దాలు తీసి టేపు పీకేసింది.

“భుజమే మారుస్తా సార్.”

మద్దయ్య నవ్వాడు. ఆమె నవ్వట్లేదని చూసి ఆపేశాడు.

“మతుండే మాట్లాడతాండావా? పోటీలు నెత్తి మీదుండాయి. ఎడమ భుజమంటే మళ్లా మొదటి నుంచి. కాళ్లు మారాల, సేతులు మారాల, నడుము తిరిగేది మారాల. ఈ ఏడాది టేపుతో పో. పోటీలయినాక మార్చుకో.”

“వచ్చే ఏడాది నాకు సెలవియ్యరు.”

“అందుకే సెప్తాండా, టేపుతో పొమ్మని.”

“ఉండేది ఒక్కసారి సార్. ఆ ఒక్కసారి ఒంటి కన్నుతో పోయి నిలబడను.”

“పోటీల ముందర మార్చుకుంటే ఏమైతాదో నాకు తెలుసు. ఒకసారి నేనే...” అని మద్దయ్య మధ్యలో ఆగిపోయాడు. మైదానం వైపు తిరిగి ఖాళీ తూటాలు ఏరడం మొదలుపెట్టాడు. ఏరుతూనే అన్నాడు. “అయినా క్లబ్బు తుపాకీ కుందా, భుజానికి ఆనిచ్చే ఆ చెక్క, సూసినావా? కుడిసేతోళ్లకు వంచి సేసింది. ఎడమ భుజాన పెడితే తన్నిన తన్నల్లా సెంపకే.”

“ఎడమసేతి కుందా ఉండేది యాడ దొరుకుతాది?”

మద్దయ్య ఏరిన తూటాలు సంచిలో వేశాడు.

“ఆదోనిలో ఒగటే ఉంది. పత్తి మిల్లు ఉమాదేవిది. తుపాకీ ఒగటే ఇచ్చి పంపేదానికి లేదు. లైసెన్సు ఆమె పేరున ఉంది, ఆమే పట్టుకోని రావాల. ఆ యమ్మ ఈ గేటు తొక్కి శానా ఏండ్లయింది.”

“మీరొక మాట సెప్పండి సార్.”

“నేను సెప్తే వచ్చేది గూడా రాదు. నువ్వే పో.”

* * *

ఆ వారమంతా అరుణ ఇంట్లో చీపురుకట్టనే తుపాకీ చేసుకుంది. పొద్దున స్కూలుకు వెళ్లే ముందు, సాయంత్రం వచ్చాక, అద్దం ముందు నిలబడి నడుము దగ్గరి నుంచి ఎడమ భుజానికి ఎత్తేది, దించేది. చెయ్యి మాట వినేది కాదు. అద్దంలో ఎవరో తెలియని మనిషి తెలియని పని చేస్తున్నట్టు కనబడేది.

“ఎడమసేత్తో ఏం పనే అది?” అంది తల్లి సుంకులమ్మ. “సూసేదానికే బాగలేదు.”

మగ్గం మీద ఉన్న భీమయ్య నాడె ఆపి కూతురి వైపు చూశాడు. “నవ్వుతారేమోమ్మా,” అన్నాడు నెమ్మదిగా.

“మొన్న కుడిసేత్తో కాల్చినా నవ్వినారు గదా నాయనా.”

భీమయ్య నాడె అందుకున్నాడు. మగ్గం చప్పుడు మళ్లీ మొదలైంది.

* * *

పత్తి సీజను. ఉమాదేవి మిల్లు గేటు బయట లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. గాలిలో నూగు తేలుతోంది. గేటు పక్కన ఉన్న వేపచెట్టు ఆకుల మీద కూడా తెల్లటి పొర. ఉమాదేవి మిల్లు ఆఫీసు మెట్ల మీద నిలబడి, ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకుని డ్రైవరుతో గట్టిగా మాట్లాడుతోంది. నలభై దాటిన మనిషి. భర్త పోయాక మిల్లు తనే నడుపుతోంది. ఆమె ఒకసారి చెప్పిన మాట డ్రైవరు రెండోసారి చెప్పించుకోలేదు.

“ఎవరమ్మా నువ్వు?”

అరుణ పేరు చెప్పింది. ఊరు చెప్పింది. రేంజ్ పేరు చెప్పగానే ఉమాదేవి గ్లాసు మెట్టు మీద పెట్టేసింది.

“ఎవరు పంపిచ్చినారు?”

“మీ పేరు మద్దయ్య సార్ సెప్పినారు మేడం. వచ్చింది మాత్రం నా అంతట నేనే.”

“ఆయన రాలేదా?”

“రాలే.”

“రాడులే.”

లోపలికి రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. అరుణ నిలబడే తన కన్ను సంగతి, భుజం మార్చే సంగతి, ఎడమచేతి కుందా సంగతి చెప్పింది. ఉమాదేవి వింటూ వింటూ ఒకచోట చెయ్యెత్తి ఆపింది.

“భుజం మారుస్తాండావా? పోటీల ముందర?”

“అవును మేడం.”

“ఇంగా బుద్ధి రాలేదా ఆయనకు!” ఆ మాటకు లారీ దగ్గర హమాలీలు కూడా ఇటు తిరిగారు. ఉమాదేవి గొంతు తగ్గించింది గానీ కోపం తగ్గించలేదు. “కూర్సో. కూర్సోని ఇను. ఇని, ఇంటికి పో.”

అరుణ మెట్టు మీద కూర్చుంది.

“సిన్నప్పుడు మా అవ్వ నా ఎడమసేతికి గుడ్డ కట్టి కూడు తినిపిచ్చేది. బళ్లో అయివారు పలక కుడిసేతికి మార్చి ఇచ్చేటోడు. పెండ్లయినాక అత్తగారింట్లో వడ్డించనిచ్చేటోళ్లు కాదు. మా ఆయనకు షూటింగ్ పిచ్చి, ఒక పొద్దు ఊరికే నా సేతికి తుపాకీ ఇచ్చినాడు. ఎడమ భుజాన పెట్టుకున్నా. ఎవరూ మార్చుకోమనలే. మొదటిసారి, పాపా. మా ఆయన నాకోసం ఎడమసేతి కుందా తెప్పిచ్చినాడు. బాగా కాల్చినా. రాష్ట్రంలో నాకు ఎదురు ఉండేటోళ్లు ఇద్దరో ముగ్గురో.”

“సార్ సెప్పినారు.”

“ఇది సెప్పినాడా? పెద్ద పోటీలు వచ్చినాయి. దాని ముందర మీ సారు నా దగ్గరికొచ్చి, నీ నిలబడేది తప్పు, తుపాకీ మొన ఈడ కాదు ఆడ పెట్టి పుల్ అను అన్నాడు. వద్దు సార్, నాకు ఇట్లనే అలవాటు అన్నా. నా మాట ఇను ఉమా, మెడల్ వస్తాది అన్నాడు. ఇన్నా. ఆడ పోయి నిలబడితే పాతదీ రాలే, కొత్తదీ రాలే. నడుమ ఇరుక్కున్నా. బిళ్లలు నా ముందర నుంచే పోతాంటే సూస్తా నిలబడినా. ఇంటికొచ్చి తుపాకీ పెట్టెలో పెట్టినా. అంతే. మళ్లా తియ్యలే.”

అరుణకు మద్దయ్య మధ్యలో మింగేసిన మాట ఇప్పుడు పూర్తిగా వినబడింది.

“ఇప్పుడు నిన్ను పట్టుకున్నాడు,” అంది ఉమాదేవి. “నాకు నిలబడేదే మార్పిచ్చినాడు. నీకు ఏకంగా భుజమే మార్పిస్తాండాడు.”

“లేదు మేడం. సార్ వద్దన్నారు.”

ఉమాదేవి ఆమెను నమ్మనట్టు చూసింది.

“టేపు పెట్టుకోని పొమ్మన్నారు. ఈ ఏడాది గడిపేయమన్నారు. నా మీద కోప్పడినారు గూడా. భుజం మారుస్తానన్నది నేను. మీకు వేరేవాళ్లు మార్పిచ్చినారు మేడం. నన్ను ఎవరూ మార్చడంలే. నా కన్ను యాడుందో ఆడికే నేను పోతాండా. తప్పితే ఆ తప్పు నాదే. సార్ మీదికి పోదు, మీ మీదికీ పోదు.”

ఉమాదేవి ముఖంలో ఏదో కదిలింది గానీ, అది ఏమిటో అరుణకు అర్థమయ్యేలోపే ఆమె లేచి నిలబడింది.

“పో పాపా. నాకు పనుంది. లారీలు నిలబడిండాయి.”

అరుణ కూడా లేచింది. గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది.

“మీరు ఈయకపోయినా మారుస్తా మేడం. క్లబ్బు తుపాకీతోనే నేర్చుకుంటా. సెంప కమిలితే కమలనీ. మీ తుపాకీ ఉంటే తొందరగా వస్తాదని అడిగినా, అంతే.”

ఉమాదేవి అప్పటికే డ్రైవరు వైపు తిరిగింది.

* * *

చెంప నిజంగానే కమిలింది. రెండు ఆదివారాల్లో అరుణ ఎడమ దవడ నల్లబడింది. స్కూల్లో పిల్లలు ఏమైంది టీచర్ అని అడిగితే, తలుపు తగిలిందని చెప్పింది. బిళ్లలు పగిలేవి తక్కువ, పారిపోయేవే ఎక్కువ. కానీ ఒక తేడా ఆమెకు తెలుస్తోంది. ఇదివరకు తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. “ఎనక పడినా,” అనేది తనే. “పైన పోయింది,” అనేది తనే. మద్దయ్య తల ఊపేవాడు. అడిగితేనే నోరు తెరిచేవాడు. వద్దన్న మనిషే, ఆమె మొండితనం చూసి, పొద్దున అందరికన్నా ముందు వచ్చి యంత్రాలకు నూనె వేసి పెట్టేవాడు.

మూడో ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఉండగా గేటు దగ్గర తెల్లకారు ఆగింది. ఉమాదేవి దిగింది. డ్రైవరును అక్కడే ఉండమని, పొడవాటి తోలుపెట్టె తనే మోసుకుంటూ వచ్చింది.

మద్దయ్య గ్లాసు పక్కన పెట్టి లేచాడు. “బాగుండావా ఉమా?”

“తుపాకీ బాగుంది సార్,” అంది ఆమె. “నూనె పెడతానే ఉన్నా.”

“ఉమా, ఆ పొద్దు నేను...”

“ఆ మాట మనిద్దరం మళ్లా కూర్సోని మాట్లాడుకుందాం. కడుపులో పెట్టుకున్నది శానా ఉంది, ఊరికే ఇడిసిపెట్టను. ముందు ఈ పాప సంగతి సూద్దాం.” అరుణ గడ్డం పట్టుకుని చెంప వెలుతురుకు తిప్పి చూసింది. “పిచ్చిదానా,” అంది.

ఏడో స్టేషనులో నిలబెట్టి, తుపాకీని ఖాళీగా పదిసార్లు ఎత్తించింది. “తల దించొద్దు. సెంప కుందా కాడికి పోగూడదు, కుందానే సెంప కాడికి రావాల. మళ్లా ఎత్తు. ఆఁ, అది.” నున్నటి చెక్క అరుణ దవడ కింద ఒదిగింది. ఎక్కడా ఒత్తుకోలేదు. గొట్టం వెంబడి చూపు దారంలా సాగింది.

తూటాలు వేసింది. “పుల్!”

బిళ్ల బయటికొచ్చింది. తుపాకీ లేచింది. నల్లటి పొగలా బిళ్ల గాలిలోనే పొడైపోయింది.

అరుణ తుపాకీ మళ్లీ నింపింది. ఇంకోటి అడిగింది. అదీ పగిలింది. రెండో స్టేషనుకు నడిచింది. ఇన్నాళ్లూ ఆమెను ఏడిపించిన హై హౌస్ బిళ్ల ఎడమ నుంచి దూసుకొచ్చింది. బిళ్ల ఎక్కడుందో చూపు అక్కడే ఉంది, చూపు ఎక్కడుందో తుపాకీ అక్కడికే వెళ్లింది. ముక్కలు ఎండలో మెరిసి చెల్లాచెదరయ్యాయి. అన్నీ పగల్లేదు. నాలుగో స్టేషనులో వరసగా తప్పింది, ఐదులో తడబడింది. అయినా రౌండు ముగిసేసరికి, కుడి భుజంతో నెలల తరబడి సాధించలేనిది ఈ తుపాకీతో మొదటి పూటే దాటేసింది. మద్దయ్య ఆమె దగ్గరికి వచ్చి భుజం మీద తట్టాడు. ఎడమ భుజం మీద.

“రాష్ట్ర పోటీల్లో నిలబడతావు,” అంది ఉమాదేవి. “నేర్చుకోవాల్సింది ఇంగా కొండంత ఉంది గానీ, నిలబడతావు. తుపాకీ ఇట్లియ్యి.”

అరుణ తుపాకీని మధ్య కీలు దగ్గర విరిచి, ఖాళీ తూటాలు తీసి అందించింది. పెట్టెలో పెడుతుందనుకుంది. ఉమాదేవి పెట్టె వైపు వెళ్లలేదు. మద్దయ్య సంచిలోంచి గుప్పెడు తూటాలు తీసుకుని నాలుగో స్టేషనుకు నడిచింది. చీర కొంగు దోపుకుంది. కాళ్లు తనకు అలవాటైన తీరులోనే, ఎవరూ మార్చని తీరులోనే నిలిపింది.

“జోడు బిళ్లలు,” అంది. “పుల్.”

రెండు గదుల్లోంచీ ఒకేసారి బిళ్లలు లేచాయి. ఒకటి పగిలింది. రెండోది తప్పించుకుంది. ఉమాదేవి పెదవి కొరుక్కుని మళ్లీ తూటాలు వేసింది. ఈసారి రెండు చప్పుళ్లు ఒకదాని వెనక ఒకటి, మైదానం మీద రెండు నల్లటి మచ్చలు గాలికి కరిగిపోయాయి. ఆమె చాలాసేపు ఆ ఖాళీ ఆకాశం వైపే చూస్తూ ఉండిపోయింది.

“సార్, రాష్ట్ర పోటీలకు పేర్లు ఎప్పటిదాకా తీసుకుంటారు?”

“రేపు సాయంత్రం దాకా.”

“రెండు పేర్లు పంపండి.”

మద్దయ్య అరుణ వైపు చూశాడు. తర్వాత ఉమాదేవి వైపు. “ఉమా, ఈ ఏడాది ఆడోళ్ల స్కీట్‌లో మన రాష్ట్రం నుంచి జాతీయ పోటీలకు పంపేది ఒక్కరినే. ఆ సంగతి తెలుసా నీకు?”

“తెలిసే అడిగినా.” ఉమాదేవి తుపాకీ విరిచి భుజాన వేసుకుని నేరుగా అరుణ ముందుకొచ్చి నిలబడింది. కళ్లలో కోపం లేదు. జాలీ లేదు. “ఈ తుపాకీతో నీకు నేర్పుతా పాపా. ఏదీ దాచిపెట్టుకోను. పోటీ పొద్దు నీ వంతుకు నీకిస్తా, నా వంతుకు నేను తీసుకుంటా. ఆడ మాత్రం నిన్ను గెలవనియ్యను. ఒప్పుకుంటే ప్రతి ఆదివారం వస్తా. లేదంటే ఇప్పుడే పెట్టెలో పెట్టుకోని పోతా.”

మద్దయ్య నోరు తెరిచాడు. అరుణ చెయ్యెత్తి ఆయన్ను ఆపింది. ఇది తను చెప్పాల్సిన జవాబు.